నేరేడు పాలు ఎవరికిస్తుంది?

కాస్త జరుగు తల్లీ, నా నడుం వాలనీ. పొద్దుట్నించీ ఒకటే చాకిరీ. దుప్పటి లాక్కో. కథ చెప్తాను గానీ, మధ్యలో నేను నిద్రపోతే గిల్లి లేపు.

అనగనగా ఊళ్ళు బోలెడున్నాయి. మనం చెరుకు తోటల పక్కనున్న ఊరికి పోదాం. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక ముసలమ్మ. ఆవిడకి ఒక కొడుకు ఎర్రినాయుడు, కోడలు రవణమ్మ, పక్కూరికి ఇచ్చిన కూతురు చిన్నమ్మలు. వీళ్ళందరికంటే ముద్దుగా ఒక గేదె. నేరేడు పండులా నిగనిగలాడేదని దాని పేరు నేరేడు.

నేరేడుని పైడమ్మ ఒక్కతే పితికేది. రవణమ్మ చెంబు పట్టుకుని వస్తే, "నీ గాజుల చప్పుడుకి బెదురుతుందే, పో అవతలికి" అని కసిరేది.

"నాకూ నేర్పత్తా" అంటే, "నేను పోయాక నేర్చుకుందువులే, తొందరేముంది" అనేది.

పోయాక ఎవరు నేర్పుతారమ్మా? ఆ మాట ఆవిడకి తట్టలేదు. ముసలివాళ్ళకి తట్టదు. తట్టినా, ఇప్పుడెందుకులే అని అటు తిరిగి పడుకుంటారు.

అప్పుడు ఏమైంది? ఒక ఎండాకాలం పొద్దున పైడమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దముద్దగా అయిపోయింది. మంచంలో ఉండిపోయింది పాపం.

ఆ తర్వాత నేరేడు అరుపులు మొదలయ్యాయి. పొదుగు రాయిలా గట్టిపడింది, దూడ ఆకలికి నకనకలాడింది. గేదె చేపితేనే కదా పాలు! చేపడమంటే మనసుపడి పాలు దింపడం. పరాయి చెయ్యి పడితే నేరేడు పాలు దింపకుండా ఎగబట్టేసేది.

మొదట ఎర్రినాయుడు వెళ్ళాడు. గేదెని మోసం చెయ్యాలని అమ్మ చీర కట్టుకుని, మీసాల మీదికి ముసుగు లాక్కుని మరీ కూర్చున్నాడు. నేరేడుకి బీడీ వాసన తగిలింది. ఒక్క తన్ను! చెంబొక మూల, ఎర్రినాయుడొక మూల. "ఏమే పైడమ్మా, మీసాలు ఎప్పుడొచ్చాయే?" అని వీధి వీధంతా నవ్వింది.

అప్పుడు కూతురు చిన్నమ్మలు వచ్చింది. అచ్చం అమ్మ గొంతుతో "మా తల్లే, మా బంగారమే" అని పిలిచింది. నేరేడు వెనక్కి తిరిగి చూసింది. కాదనుకుంది. ముఖం తిప్పేసుకుంది.

ఆ తర్వాత రవణమ్మ గాజులు తీసి గూట్లో పెట్టి మరీ వెళ్ళింది. తవుడు పెట్టింది, గంగడోలు నిమిరింది. తన్నలేదు గానీ చేపనూ లేదు.

ఎర్రినాయుడికి విసుగొచ్చింది. "మంచంలో మనిషిని చూసుకోనా, దీన్ని చూసుకోనా? సంతకి తోలేస్తాను" అని బేరగాణ్ణి పిలిచాడు. వాడు కొత్త పలుపు భుజాన వేసుకుని వచ్చాడు.

మంచంలోంచి పైడమ్మ ఆ తాడు చూసింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎడం చేత్తో మంచం పట్టె మీద దబదబా కొట్టింది. రవణమ్మకి అర్థమైంది. "మావాళ్ళకి నేను చెప్పుకుంటాను, నువ్వెళ్ళు బాబూ" అని బేరగాణ్ణి పంపేసి, అత్తని ఎత్తుకెళ్ళి పాకలో కూర్చోబెట్టింది.

పైడమ్మ తన ఎడం చెయ్యి, పొదుగు పట్టిన కోడలి చేతి మీద వేసింది. "చొ చొ చొ" అంది. ఆ ఒక్క చప్పుడూ వంకర పోలేదు. అప్పుడు నేరేడు నిట్టూర్చింది. చెంబులో పాలు సుయ్‌మన్నాయి.

కొన్నాళ్ళు చేతి మీద చెయ్యి వేసి పితికించింది. ఆ తర్వాత చెయ్యి తీసి కోడలి భుజం మీద వేసింది. ఆ తర్వాత పాక గుమ్మంలో ఊరికే కూర్చుంది. రవణమ్మ గాజులు మళ్ళీ వేసుకుంది, నేరేడు బెదరలేదు.

అప్పుడు పైడమ్మకి ఆలోచనొచ్చింది. గేదె ఒక చెయ్యి మారడానికే ఇంత పట్టిందే, మరి మిగతావన్నీ? నాలుక కాస్త తిరగగానే అందర్నీ పిలిచింది. పొలం కొడుక్కి, కమ్మలు కూతురికి, నేరేడు కోడలికి. వీలునామా రాయించి, రిజిస్ట్రారు కచేరీకి బండి కట్టించుకుని వెళ్ళి వేలిముద్ర వేసొచ్చింది.

"ఇంకోటి. నాకు మళ్ళీ తెలివి తప్పితే, ఆసుపత్రా ఇల్లా అన్నది రవణమ్మ చెప్తుంది."

ఎర్రినాయుడికి రోషమొచ్చింది. "కొడుకుని నేనుండగా దాని మాటేంటే అమ్మా?"

"నువ్వు నన్ను చూసి ఏడుస్తూ కూర్చుంటావురా. అది ఏడుస్తూ పని చేస్తుంది."

చిన్నమ్మలు "ఇప్పుడెందుకమ్మా ఈ మాటలు" అని చెవులు మూసుకుంది. పైడమ్మ ఆ చేతులు మెల్లగా తీసి, "అలిసిపోయానే తల్లీ. వినెయ్యి, నేను పడుకుంటాను" అంది. "నేను పోయిన మూడోనాడు బూడిద మీద పొయ్యడానికి పాలు కొనుక్కురాకండి. నేరేడు ఇవ్వాలి."

ఆ తర్వాత వానాకాలంలో ఆవిడకి మళ్ళీ తెలివి తప్పింది. ఎర్రినాయుడు వాకిట్లో కూలబడ్డాడు. రవణమ్మ "ఇంట్లోనే" అంది. ఎవరూ ఎదురాడలేదు. తన మంచం మీదే, తన వాళ్ళ మధ్యే పైడమ్మ కన్ను మూసింది.

మూడోనాడు తెల్లారకముందే రవణమ్మ ముక్కు చీదుకుంటూ పాకలోకి వెళ్ళింది. ఇంకా కూర్చోనైనా లేదు. గాజులు గలగలమన్నాయి. అంతే, నేరేడు చేపేసింది.

ఏమిటమ్మా? నేరేడుకి తెలిసిందా అంటావా? తెలిసే ఉంటుంది. మూడు రోజులూ గడ్డి సరిగ్గా ముట్టలేదట. పాలు మాత్రం ఎగబట్టలేదు.

సరే, పడుకో. రేపు పొద్దున మీ అమ్మని ఒకసారి నా దగ్గర కూర్చోమను. నాకూ చెప్పాల్సినవి కొన్నున్నాయి. ఏడవకుండా వినమను. ఏడ్చినా ఫర్వాలేదులే, వినమను.

కథ కంచి దారి పట్టింది,
పాల చెంబు ఇల్లు చేరింది,
నేరేడు నెమరు వేసింది,
నా బంగారం నిద్దరోయింది.