చిటుకు తోకకు మూడో కడియం

అనగనగా ఒక అడవి ఉండేది. మీరూ నేనూ చూసిన అడవుల్లాంటిది కాదు. అక్కడ కప్పలు మాటకి ముందు ఒక బుడగ ఊదేవి. తొండలకి కోపమొస్తే ముక్కుల్లోంచి పొగ వచ్చేది. తాబేళ్ల వీపున డిప్పకి బదులు బండరాయి ఉండేది. ఇక పిల్లులకైతే ఒళ్లంతా మెరుపే. నిమిరితే చాలు, చిటపటమని రవ్వలు రాలేవి. పెద్దయ్యాక వాటికి కొమ్ములు కూడా మొలిచేవి. పిల్లికి కొమ్ములేమిటని నన్నడక్కండి. ఆ అడవిలో అంతే.

ఆ కొమ్ములు సోకు కోసం కాదు. అడవి మధ్యలో నల్లకొండ ఉంది. తొలకరి వాన రోజున దాని చుట్టూ పిడుగులు పడతాయి. కిందంతా వేసవికి ఎండిపోయి గలగలలాడే వెదురు. ఒక్క పిడుగు ఆ వెదురు మీద పడిందంటే అడవి బూడిదే. అందుకని వెదురు బాగా తడిసేదాకా కొమ్ములున్న పిల్లి కొండ మీద నిలబడి పిడుగులన్నీ తన కొమ్ములతో పట్టుకునేది.

ఎన్నో ఏళ్లుగా ఆ పని ఉరుమవ్వదే. పాపం, ఆవిడ ముసలిదైపోయింది. పోయిన ఏడు ఒక కొమ్ము విరిగింది. మెట్ట ఎక్కాలంటే మోకాళ్లు వణుకుతున్నాయి. ఈసారి కొండెక్కితే అవ్వ తిరిగి రాదని అడవిలో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

అవ్వకి ఒక్కడే మనవడు. పేరు చిటుకు. పిడికెడంత ఉంటాడు గానీ గుండె మాత్రం ఏనుగుది.

"నువ్వు ఇంట్లో కూర్చో అవ్వా. ఈ ఏడు కొండ మీద నేను నిలబడతాను," అన్నాడు చిటుకు.

"కొమ్ముల్లేకుండా ఎలా నిలబడతావురా?"

"మొలిపించుకుంటాను. అదెంతసేపు?"

అవ్వ నవ్వింది. కొమ్ములు ఊరికే మొలవవు మరి. ముందు తోక మీద మూడు కడియాలు పడాలి. కడియమంటే మనం పెట్టుకునేది కాదు, తోక చుట్టూ వెండిలా మెరిసే గీత. కుస్తీలో ఒకరిని గెలిస్తే ఒక కడియం. అడవిలో అందరూ చెప్పుకునే లెక్క అది.

ఇంకో ఆచారం కూడా ఉంది. గెలిచినవాళ్లు ఓడినవాళ్లని వీపున ఎక్కించుకుని చల్లఊట దాకా మోయాలి. ఆ ఊట నీళ్లు తాగితే దెబ్బలూ నొప్పులూ ఇట్టే పోతాయి. అక్కడే నీళ్లలో తోక చూసుకుంటే కొత్త కడియం కనిపిస్తుంది. తాతల నాటి నుంచీ అందరూ అలాగే మోసేవాళ్లు. ఎందుకు మోయాలని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే చిటుకు బుడగకప్ప నురగక్క దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, ఒక పట్టు పడదామా?"

"పడదాం తమ్ముడూ. ఏడవకూడదు మరి," అంది నురగ.

నురగ బుడగ మీద బుడగ ఊదింది. చిటుకు వాటి మధ్య నుంచి దూరి, తోకతో ఒక్క చురుకు తగిలించాడు. నురగక్క వెల్లకిలా పడింది. చిటుకు ఆమెను వీపున ఎక్కించుకుని ఊటకి బయలుదేరాడు. కప్ప కదా, ఒకటే జారుడు. నాలుగడుగులకోసారి జారి పడేది. పడ్డప్పుడల్లా "సరిగ్గా మొయ్యి" అని తిట్టేది. మళ్లీ ఎక్కించుకునేవాడు. ఊట చేరేసరికి పొద్దు వాలింది. నీళ్లలో చూసుకుంటే తోక మీద ఒక కడియం.

"ఒకటైంది అవ్వా," అని ఇంటికొచ్చి గెంతాడు చిటుకు. "ఇంకా రెండే."

కానీ మర్నాడు లేచేసరికి చీమలు గుడ్లు నోట కరుచుకుని బారులు తీరి గట్టెక్కుతున్నాయి. వాన ఇవాళో రేపో అన్నమాట.

'కుస్తీకి పట్టేది కాసేపే. మోతకే రోజంతా పోతోంది. ఇలా అయితే అవ్వ కొండెక్కేస్తుంది. ఈ ఒక్కసారికి మోయకపోతే ఏం పోతుంది?' అనుకున్నాడు చిటుకు.

వెదురు పొద దగ్గర పొగతొండ మసి కనిపించాడు. చిటుకు ఈడువాడే. ఇద్దరూ కలబడ్డారు. మసి వదిలిన పొగకి చిటుకు కళ్లు మండాయి. అయినా కళ్లు మూసుకునే దూకి పడగొట్టాడు. మసి ముందుకాలు మడతపడింది.

"సరే, గెలిచావు. వంగు, ఎక్కుతాను," అన్నాడు మసి.

"నాకు పనుందిరా. నువ్వే నెమ్మదిగా వెళ్లు."

మసి నమ్మలేనట్టు చూశాడు. "మోయవా?"

"కొంప మునుగుతోందిరా," అంటూనే చిటుకు పరుగెత్తాడు. కొంత దూరం పోయాక తోక చూసుకున్నాడు. ఒకటే కడియం. రెండోది లేదు.

'మసిగాడు మరీ బక్కోడు. వాణ్ణి గెలిచినా లెక్కలోకి రాదు కాబోలు,' అనుకున్నాడు. 'కొడితే పెద్దవాళ్లనే కొట్టాలి.'

అడవిలో అందరికన్నా బరువైనవాడు బండతాబేలు గుండు మామ. ఎండిపోయిన వాగులో ఇసుక మీద కునుకు తీస్తున్నాడు. చిటుకు లేపి కుస్తీకి రమ్మన్నాడు.

"నాతోనా? సరే రా అల్లుడూ, నాకూ కాస్త కాళ్లు సాగుతాయి," అన్నాడు మామ ఆవులిస్తూ.

మామని తోస్తే కొండని తోసినట్టే. చిటుకు తోసి తోసి అలసిపోయాడు. చివరికి మామ పొట్ట కింద ఇసుకంతా ఒక పక్క నుంచి తవ్వేశాడు. మామ ఒరిగాడు. ఇంకాస్త తవ్వాడు. మామ వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ గాల్లో ఆడించాడు.

"భలే తెలివిరా అల్లుడూ. నడుం పట్టేసింది గానీ, ఇక ఊటకి మొయ్యి."

చిటుకు మామ కిందికి వీపు పెట్టి ఒకసారి లేపి చూశాడు. కదల్లేదు. ఆకాశం కేసి చూశాడు. పడమటి దిక్కున మబ్బు పట్టింది.

"సాయంత్రం వచ్చి మోస్తాను మామా."

"కనీసం బోర్లా అయినా తిప్పి పోరా," అన్నాడు మామ. ఆ మాట చిటుకు చెవిన పడింది. అయినా ఆగలేదు.

తోక మీద ఈసారీ ఏమీ లేదు.

చిటుకుకి మతి పోయినంత పనైంది. సాయంత్రం మామ సంగతే మర్చిపోయి, కనపడ్డవాళ్లనల్లా కుస్తీకి పిలిచాడు. ఎవరూ రాలేదు. "నువ్వు ఓడినవాళ్లని మోయవట కదా. మసి చెప్పాడు. నీతో మాకొద్దు బాబూ," అన్నాయి ముళ్లపందులు. చిటుకు తోక వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"మసినీ, గుండు మామనీ ఇద్దరినీ గెలిచాను అవ్వా. అయినా కడియం పడలేదు."

"అదేమిటి? నా కాలంలో ఎప్పుడూ ఇలా జరగలేదే," అంది అవ్వ. మళ్లీ తనే అడిగింది. "మసీ, గుండూ కులాసాగా ఉన్నారా?"

"ఉన్నారు అవ్వా," అన్నాడు చిటుకు. నేల కేసి చూస్తూ అన్నాడు. అవ్వ వాడి మీసాల కేసి చూసింది.

మర్నాడు మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది. గాలికి వెదురు కిర్రుమంది. అవ్వ లేచి ఒళ్లు విదిలించుకుని, మనవడి తల నాకింది.

"నువ్వు గుహలోనే ఉండు. బయటికి రాకు," అని చెప్పి కొండ దారి పట్టింది.

చిటుకు ఉంటాడా? ఉండడు. కొమ్ముల్లేకపోయినా అవ్వ పక్కన నిలబడదామని వెనకే బయలుదేరాడు. ఆ దారి వాగు పక్కనుంచే పోతుంది. అక్కడ మూలుగు వినిపించింది. చిటుకు ఒడ్డు మీద నుంచి తొంగి చూశాడు.

గుండు మామ నిన్న ఎలా వదిలేశాడో అలాగే వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్లు కూడా ఆడించడం లేదు. ఎగువన వాన మొదలైనట్టుంది, ఇసుకలో ఎర్ర నీళ్లు పాక్కుంటూ వస్తున్నాయి. బండతాబేలు ఈదలేదు. నీళ్లలో పడితే రాయే.

చిటుకు పైకి చూశాడు. మలుపు దగ్గర అవ్వ కుంటుతూ ఎక్కుతోంది. కిందికి చూశాడు. నీళ్లు మామ తలని తాకుతున్నాయి. చిటుకుకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వాగులోకి దూకాడు.

"వచ్చావా అల్లుడూ. సాయంత్రం చాలా పొడుగైంది," అన్నాడు మామ నీరసంగా.

"తిట్టు మామా, ఎంతైనా తిట్టు. ముందు నా మెడ పట్టుకో."

ఇసుక తవ్వి మామని పక్కకి ఒరిగించాడు. ఆ సందులో తను దూరాడు. కాళ్లు నాలుగూ తన్నిపెట్టి లేచాడు. నిన్న లేవని మామ ఇవాళ లేచాడు. నిన్నటి కంటే బలం ఏమీ పెరగలేదు, నిన్న లేపింది ఒక్కసారే కదా. ఇవాళ పదకొండుసార్లు లేపాడు.

పొట్ట నేలకి రాసుకుంటుంటే చిటుకు ఊట కేసి నడిచాడు. ఎవరో గోరువెచ్చని నీళ్లు పోసినట్టు తోక వెచ్చబడింది. వానేమో అనుకుని పట్టించుకోలేదు.

ఊట దగ్గర నురగక్క ఉంది. పక్కనే మసి నీళ్లు తాగుతున్నాడు. నురగ వెనక కాలికి వెండి గీత మెరుస్తోంది. కప్పకి తోకెక్కడిది మరి, కడియం కాలికే పడింది.

"అక్కా, నువ్వు ఎవరిని గెలిచావు?" అన్నాడు చిటుకు ఆశ్చర్యంగా.

"నేనెవర్ని గెలిచాను? మొన్న నీ చేతిలో ఓడినదాన్ని. మసి కాలు వాచి దారిలో పడి ఉంటే మోసుకొచ్చాను. వచ్చి చూసుకుంటే ఇది," అంది నురగ.

చిటుకు మామని దింపి తన తోక చూసుకున్నాడు. రెండు కడియాలు ఉన్నాయి. అప్పుడు తెలిసింది వాడికి. కడియం గెలుపుది కాదు, మోతది. ఇన్నాళ్లూ గెలిచినవాళ్లంతా మోశారు కాబట్టి, గెలుపు వల్లే వస్తోందని అందరూ పొరబడ్డారు.

"మసీ," అన్నాడు చిటుకు. "నిన్ను దారిలో వదిలేశాను. తప్పు నాదే."

మసి ముక్కులోంచి కొంచెం పొగ వచ్చింది. "నీ సంగతి తర్వాత చూస్తాను. ముందు అవ్వ దగ్గరికి పో."

అంతలో కొండ మీద ఫెళ్లుమంది. తొలి పిడుగు.

"అల్లుడూ, ఇంకో కడియం తక్కువ కదా," అన్నాడు మామ. "నేను పడిపోయినట్టు మళ్లీ పడుకుంటాను. నాలుగడుగులు మోసెయ్యి."

"వద్దు మామా. ఉన్నవాటితోనే పోతాను," అని చిటుకు వానలో పడి పరుగెత్తాడు.

కొండ మీద అవ్వ పక్కకి ఒరిగి పడి ఉంది. తొలి పిడుగుని పట్టుకుంది గానీ, ఉన్న ఒక్క కొమ్మూ చీలిపోయింది. ఒంటి నుంచి ఆవిర్లు వస్తున్నాయి.

"నిన్ను రావద్దన్నానా?" అంది కళ్లు తెరవకుండానే. "కిందికి పో."

"నువ్వు లేకుండా పోను."

చిటుకు అవ్వని వీపున వేసుకున్నాడు. బరువుగా ఉంటుందనుకున్నాడు. నురగక్క కన్నా తేలిగ్గా ఉంది. ఇంత తేలికైపోయిన అవ్వ ఇన్నేళ్లు అడవినంతా ఎలా కాసిందో వాడికి అర్థం కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కొక్క అడుగే వేస్తూ, కొంచెం కింద ఉన్న రాతి చూరు దాకా మోసి, పొడి నేల మీద పడుకోబెట్టాడు.

ఈసారీ తోక వెచ్చబడింది. ఆ వేడి వీపు మీదుగా పాకి తల దాకా వచ్చింది. కాళ్లు సాగాయి. ఛాతీ విప్పారింది. నుదుటి మీద రెండు కొమ్ములు నిగనిగలాడుతూ లేచాయి.

అవ్వ ఒక కన్ను తెరిచి చూసింది. "కాళ్లు ఎడంగా పెట్టు. తల దించకు," అంది. అంతే.

చిటుకు పైకి వెళ్లి నిలబడ్డాడు. రెండో పిడుగు వచ్చింది. పట్టుకున్నాడు. మూడోది వచ్చింది. పట్టుకున్నాడు. ఆ పైన లెక్కపెట్టడం మానేశాడు. కింద వెదురు తడిసి ముద్దయ్యేదాకా కాళ్లు ఎడంగా పెట్టి, తల దించకుండా నిలబడ్డాడు. ఆ ఏడు ఒక్క ఆకు కూడా కాలలేదు.

తెల్లవారింది. వాన వెలిసింది. చిటుకు అవ్వని మళ్లీ వీపున ఎక్కించుకుని ఊటకి బయలుదేరాడు.

"అవ్వా, మొన్న నీకు అబద్ధం చెప్పాను. మసీ, మామా కులాసాగా లేరు."

"తెలుసు. అబద్ధమాడితే నీ మీసం వణుకుతుంది."

"మరి కడియం మోతకే వస్తుందని నాకెందుకు చెప్పలేదు?"

అవ్వ వాడి మెడ మీద గడ్డం ఆనించింది. "నాకు మాత్రం ఏం తెలుసురా? పడినవాళ్లని వదిలేసి పోయిన పిల్లి ఇదివరకు ఒక్కటీ లేదు. నువ్వే మొదటివాడివి."

చిటుకుకి సిగ్గేసింది. తల వంచుకుని నడిచాడు.

"ఒరేయ్, నీకు మూడు కడియాలూ పడ్డాయి. కొమ్ములూ వచ్చాయి. ఇక ఎంత మోసినా నాలుగోది రాదు," అంది అవ్వ నవ్వుతూ. "నన్ను దింపు. నెమ్మదిగా నేనే నడుస్తాను."

"గట్టిగా పట్టుకో అవ్వా," అన్నాడు చిటుకు. ఊట దాకా దింపలేదు.

నీతి: గెలవడంతో పని సగమే అవుతుంది. పడినవాళ్లని లేపి ఒడ్డు చేర్చినప్పుడే మనం పెద్దవాళ్లమవుతాం.