దస్తగిరి దారం

ఊ కొట్టేవాళ్లు దగ్గరికి రండి, నిద్రొచ్చేవాళ్లు అవతలికి జరగండి. అనగనగా, కనుమ రోడ్డుకు ఇంకా తారు పడని కాలంలో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊర్లో దస్తగిరి అని ఒక వెల్డింగు పనివాడు. రేకుల షెడ్డు, ఒక సుత్తి, భుజాన మసిగుడ్డ, అంతే ఆయన ఆస్తి. నోట్లోంచి మాట ఊడిపడడమే గగనం.

ఆ ఊర్లోనే ఒక పాత కారు ఉండేది. ఎప్పటి కారో ఏమో! గుండ్రటి దీపాలు, పొడుగాటి ముక్కు. సొంతదారు భూషణం, నడిపేది మద్దిలేటి. చుట్టుపక్కల ఏ పిల్లకు పెళ్లయినా కనుమ దాటి అత్తారింటికి పోయేది ఆ కారులోనే. మద్దిలేటి కూతురు చెన్నమ్మ చిన్నప్పటినుంచీ గడపలో కూర్చొని చూసేది. "నాయనా, నన్నెప్పుడు ఎక్కిస్తావు?" అని అడిగేది. "నీ పెళ్లికే తల్లీ" అనేవాడు మద్దిలేటి.

పెళ్లి రానే వచ్చింది. సరిగ్గా అప్పుడే కారు వంక దాటుతూ బండరాయికి కొట్టుకునింది. ఇంటికైతే వచ్చింది గానీ, ఎండ్రకాయ మాదిరి పక్కకు నడుస్తా వచ్చింది!

ఇంక చూడండి సంబరం. ఒకరు దిష్టి అన్నారు, గుమ్మడికాయ కొట్టినారు. కారు పక్కకే పోయింది. ఒకరు టైర్లన్నారు, టైర్లు మార్చినారు. కారు పక్కకే పోయింది. ఒకరు బరువన్నారు, ఊర్లో లావుపాటి వాళ్లను ఏరి ఒక పక్క కూర్చోబెట్టినారు. వాళ్లను కూడా వేసుకొని పక్కకే పోయింది. నవ్వింది చాలు, వినండి.

భూషణానికి విసుగొచ్చింది. "నా వల్ల కాదప్పా. దస్తగిరి బాగుచేసి, సాపుగా ఉందంటే ఉంచుతా. లేదంటే పాత ఇనుముకు వేసేస్తా" అన్నాడు. పాపం, చెన్నమ్మ మొహం చిన్నబోయింది.

దస్తగిరి బోల్టులు విప్పి, పైబాడీని పదిమందితో పక్కకు దించినాడు. కింద మిగిలింది చాసీ. అంటే పొడుగ్గా రెండు ఇనుప దూలాలు, వాటిని కలుపుతూ అడ్డకమ్మీలు. కారంతా కూర్చునేది దానిమీదే. మట్టి గీకినాడు, తుప్పు రుద్దినాడు, కిరసనాయిలు పూసి తుడిచి పైన సున్నం పొడి చల్లినాడు. అంతా తెల్లగా ఉంది, ఒక్కచోట మాత్రం లోపలికి దిగిన కిరసనాయిలు ఊరి సన్నగా తడిగీత తేలింది.

"ఇదే చీలిక. దీంతో కనుమ ఎక్కితే మలుపులో రెండు ముక్కలైతుంది" అన్నాడు.

చీలిక అతికే ముందు వంకర తీయాల. వంకర పోయిందో లేదో చూసేదానికి దస్తగిరి దగ్గర ఒక దారం ఉండేది. ఈ మూల నుంచి ఐమూలగా ఎదుటి మూలకు దారం పట్టి ముడి వేస్తాడు. అదే దారాన్ని మిగిలిన రెండు మూలలకు పట్టి చూస్తాడు. ముడి మూలమీద కూర్చుంటే చాసీ సాపు, కూర్చోకుంటే వంకర. రెండో కొస ఎవరో ఒకరు పట్టుకోవాల కదా. వాళ్లకు ఒకటే చెప్పేవాడు. "పట్టుకోండి. దాన్నేమీ చేయొద్దండి."

ఇనుము కాల్చి, గొలుసు కట్టి లాగినాడు. మద్దిలేటిని పిలిచి, "పట్టుకో మామా. దాన్నేమీ చేయొద్దు" అన్నాడు. ముడి సరిగ్గా మూలమీద కూర్చునింది! మద్దిలేటి ఎగిరి గంతేసినాడు. దస్తగిరి ఆయన వేలు చూసినాడు. దారం కోసుకొని ఎర్రగా వాచింది.

"లాగినావు కదా మామా?"

"కూతురి పెళ్లి కదప్పా, చెయ్యి ఊరుకోలేదు" అన్నాడు మద్దిలేటి.

మళ్లీ కాల్చినాడు, మళ్లీ లాగినాడు. ఈసారి భూషణాన్ని పిలిచినాడు. "పట్టుకో అన్నా. దాన్నేమీ చేయొద్దు." ముడి మూలకు చేరకుండా జానెడు ఇవతలే ఉండిపోయింది. "చెప్పలే? ఇంక పాత ఇనుముకే!" అన్నాడు భూషణం. దారం మధ్యలో నేలకు తగులుతా ఉంది.

"దారం నిద్రపోతా ఉందన్నా" అన్నాడు దస్తగిరి. అందరూ గొల్లున నవ్వినారు.

"ఇట్లయితే ఎట్లప్పా? ఇంతకీ ఈ కారు ఎక్కేదెవరు?" అని దస్తగిరే అడిగినాడు.

"నేనే" అంటా చెన్నమ్మ వచ్చింది. నలుగు పెడుతుంటే లేచి వచ్చింది, మొహమంతా పసుపే.

"అయితే పట్టుకో పాపా. దాన్నేమీ చేయొద్దు."

చెన్నమ్మ పట్టుకునింది. లాగలేదు, వదులు చేయలేదు. ఆ పిల్ల వంగి చూసి, కళ్లనీళ్లు పెట్టుకొని, "ఒక వేలు తక్కువుంది. సరిగా లేదు" అనింది.

"ఓసి పిచ్చిదానా, ఒక్క వేలు ఎవరికి కనపడుతుందే!" అని వాళ్లమ్మ నెత్తి కొట్టుకునింది.

దస్తగిరి మాత్రం పకపకా నవ్వినాడు. ఆయన నవ్వడం ఊరు చూసింది అప్పుడే. "ఏడవద్దు తల్లీ. ఎంత తక్కువో తెలిస్తే ఎంత లాగాల్నో నాకు తెలుస్తుంది. మీ నాయన అంతా కలిసిందనె, భూషణమన్న ఏమీ కలవలేదనె. నిజం చెప్పింది నువ్వే" అన్నాడు. కాల్చి, ఒక్క వేలు లాగినాడు. చెన్నమ్మ మళ్లీ పట్టుకునింది. ముడి వచ్చి మూలమీద కూర్చునింది.

అప్పుడు చీలిక అతికి, పైన పట్టీ వేసి, బాడీ ఎక్కించినాడు. పెళ్లయినాక చెన్నమ్మ మొగుడి పక్కన కూర్చొని కనుమ ఎక్కింది. కారు గీత గీసినట్టు పోయింది. మద్దిలేటి సంతోషం పట్టలేక, "చూడు తల్లీ" అని స్టీరింగు వదలబోతే, "పట్టుకో నాయనా!" అని అరిచిందంట.

దస్తగిరి పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు. ఆ కారూ లేదు. అయినా కొండ కింద ఊర్లలో పెళ్లికూతురు ఏ బండి ఎక్కినా, ముందుగా మూల నుంచి మూలకు దారం పడతారు. దస్తగిరి దారం అంటారు దాన్ని. ఒక కొస పెళ్లికూతురే పట్టుకోవాల, చుట్టాలు ముట్టకూడదు. పిల్లకు సంబంధం వచ్చినా అంతే. తండ్రి దారం కొస కూతురి చేతికిచ్చి, "నువ్వు చెప్పు తల్లీ, నేను లాగను" అని కూర్చుంటాడు.

మా నాయన కూడా దారం కొస నా చేతికి ఇచ్చినాడు. మొదట వచ్చినవాణ్ని చూసి, "ఒక వేలు తక్కువుంది" అన్నా నేను. మా అమ్మ నెత్తి కొట్టుకునింది. మా నాయన దస్తగిరిని తలుచుకొని దండం పెట్టి, వాళ్లకు కాఫీలిచ్చి పంపించేసినాడు. ఆ తర్వాత వచ్చినవాడే, అదిగో, అరుగుమీద గురక పెడుతున్న మీ తాత.