పాచి పట్టిన పట్టు

ఒకప్పుడు మన కడప సీమలో సముద్రముండేది. నవ్వకండి! ఇప్పుడు బిందెడు నీళ్ల కోసం బోరింగు దగ్గర వరుసలో నిలబడుతున్నామే, ఆ చోటే. అప్పటికింకా చేపల్లేవు, పీతల్లేవు, గడ్డిపోచ కూడా మొలవలేదు. సముద్రం, ఇసుక, ఎండ. ఇసుక మీద పలచగా పరుచుకుని పాచి. అంతే.

సముద్రానికి ముగ్గులంటే ప్రాణం. పొద్దున్నే ఇసుక మీద అలలతో వంకర వంకర గీతలు వేసేది. సాయంత్రానికి ఇసుక అన్నీ చెరిపేసుకునేది.

"పొద్దున ఏం ముగ్గేసినానే?" అని సముద్రం అడిగితే, "ఏసినావా అత్తా? ఎప్పుడు?" అనేది ఇసుక. దాని మతిమరుపు అలాంటిది.

ఒకరోజు అడుగున భూమి కదిలింది. మెల్లమెల్లగా పైకి లేవసాగింది. ఇక సముద్రం వెళ్లిపోక తప్పదు. దానికి ఏడుపొచ్చింది.

"నేను ఈడుండేదాన్నంటే రేపు ఎవరు నమ్ముతారే? ఒక్క ముగ్గన్నా దాచిపెట్టు" అని ఇసుకను బతిమాలింది.

"నాకు గుర్తుండదత్తా. గాలి ఊదితే చాలు, నా పేరే మరిచిపోతా" అంది ఇసుక.

"నేను దాస్తా" అని ఓ సన్నటి గొంతు వినిపించింది. ఆ గొంతు పాచిది.

ఇసుక పకపకా నవ్వింది. "నువ్వా, పాచిమొగమా? నీ పేరే పాచి! నీదంతా నిన్నటి సరుకు."

"నేను చెప్పేదీ అదే కదా. నిన్నటిది నా దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంటుంది?" అంది పాచి.

ఇన్నాళ్లూ ఈ మాట నాకెందుకు తోచలేదబ్బా అనుకుంది సముద్రం. మళ్లీ దిగులుపడింది. "ముగ్గు నిలవాలంటే పైన ఒండ్రు కప్పాలి పిల్లా. కప్పితే నీకు ఎండ తగలదు. ఎండ లేకుంటే నువ్వు బతకవు."

పాచి ఎండకేసి చూసింది. దానికున్న తిండీ తోడూ ఆ ఎండే.

"అందరూ నన్ను జిగురు జిగురంటారు. జిగురుకి పట్టుకోవడం కాక ఇంకేం తెలుసు? కప్పు అత్తా" అంది.

సముద్రం తన ఆఖరి ముగ్గు వేసింది. పాచి ఒక్కో ఇసుక రేణువునీ అంటిపెట్టుకుంది. వెళ్లిపోయే అల గుంజి లాగింది. ఆ లాగుడికి పాచి ఒళ్లంతా ముడతలు పడింది. అయినా వదల్లేదు. పైన ఒండ్రు కప్పుకుంది, చీకటైపోయింది.

"అక్కా, ఉన్నావా?" ఇసుక దాన్ని అక్కా అని పిలవడం అదే మొదటిసారి.

అప్పటికే పాచి చచ్చిపోయింది పిల్లలూ, తలచుకుంటే నాకిప్పటికీ బాధే. పట్టు మాత్రం సడలలేదు. ఆ పట్టులోనే ఇసుక గట్టిపడి, గట్టిపడి, రాయైపోయింది.

అప్పటినుంచే మన కొండల్లో ఇసుకరాతి బండలు లేపితే కొన్నిటి మీద అలల గీతలుంటాయి, పక్కనే అవ్వ చేతి ముడతల్లాంటి ముడతలుంటాయి. అలాంటి బండ దొరికితే చెంబెడు నీళ్లు పోసి తడిమి చూడండి. ఎంత తోమినా ఆ ముగ్గు చెరగదు. మతిమరుపు ఇసుక ఆ ఒక్కటీ మరిచిపోలేదు.