బత్తెం అనే మాట

అనగనగా ఒక కోట. ఆ కోటకు ఒక ధాన్యపు కొట్టు, ఆ కొట్టుకు ఏడు తాళాలు. ఏడుగురు సభాసదుల దగ్గర ఏడు తాళంచెవులు. నెలనెలా ఆ ఏడుగురూ ఒక మాట మీదికి వస్తేనే కొట్టు తెరుచుకునేది. రాకపోతే కాపలా భటులకు బత్తెం, అంటే రోజువారీ తిండిగింజలు, ఆగిపోయేది.

మరి సభాసదుల సంగతేమిటంటారా? వాళ్లు తినేదాన్ని బత్తెం అనరు, విందు అంటారు. బత్తెం ఆగాలని శాసనంలో ఉంది గానీ విందు ఆగాలని లేదు. విందు సరుకులు వేరే గదిలో ఉండేవి. ఆ గదికి తాళమే లేదు.

భటులకు సంకటి గెలికేదీ, సభాసదులకు పులిహోర కలిపేదీ ఒక్క చెంగమ్మే.

ఒకసారి కోట జెండా అంచు ఎరుపా, పసుపా అని సభలో గొడవ వచ్చింది. తొమ్మిది రోజులు తేలలేదు. ఆ తొమ్మిది రోజులూ భటుల పొయ్యి వెలగలేదు. సభాసదులు మాత్రం వాదించి వాదించి అలిసిపోయి, మారు నెయ్యి అడిగారు.

"అయ్యా, బురుజుల మీద వాళ్లు పస్తులున్నారు," అంది చెంగమ్మ.

"వాళ్లు వీరులమ్మా, ఓర్చుకుంటారు," అన్నాడు పెద్ద సభాసదుడు పింగళాక్షుడు, అప్పడం విరుస్తూ.

రెండోసారి, సభలో రాజుగారి కుడివైపు పీట ఎవరిదని గొడవ. పన్నెండో రోజున, ఉత్తరపు బురుజు మీద కాపలా కాస్తున్న చెంగమ్మ తమ్ముడు ఓబులేసు కళ్లు తిరిగి మెట్ల మీద పడ్డాడు. కాలు విరిగింది.

"ఇంకోసారి ఇలా అయితే ఇక్కడ ఎవరం ఉండమక్కా. అందరం కొండ అవతలి రాజు కొలువుకి పోతాం," అన్నాడు ఓబులేసు.

చెంగమ్మకు ఒళ్లు మండిపోయింది. ఏడుగురు పెద్దమనుషులు, ఒక్క పీట. ఏం మనుషులో, ఏం పెద్దరికమో!

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు రాజుగారి కత్తి మీద చెయ్యి వేసి ఏం చెబితే అదే శాసనం. అది ఆ రాజ్యపు ఆచారం. పింగళాక్షుడు కత్తి మీద చెయ్యి వేసి, గొంతు సవరించుకుని, "భటులు వేరూ మేము వేరూనా మహారాజా? మేమూ కాపలావాళ్లమే," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ప్రసాదం పళ్లెం పట్టుకుని నిలబడ్డ చెంగమ్మ నెమ్మదిగా అడిగింది. "అయితే దొరా, తమరు తినేది కూడా బత్తెమేనా?"

అంత జనం ముందు కాదంటే ఏం బాగుంటుంది? "బత్తెమే. సందేహమేముంది," అన్నాడాయన. తామెక్కడ వెనకబడిపోతామోనని మిగతా ఆరుగురూ కత్తి మీద చేతులు వేసి, "మాదీ బత్తెమే," అన్నారు.

రాజు లేఖకుడి వైపు తిరిగి, "రాసుకో," అన్నాడు.

మూడోసారి, పట్టపుటేనుగు మెడలో గంట ఒకటా, రెండా అని గొడవ. మధ్యాహ్నం దాకా అరుచుకుని, కాళ్లు కడుక్కుని, రాజుగారి పంక్తిలో విస్తళ్ల ముందు కూర్చున్నారు. విస్తళ్ల మీద నీళ్లు చల్లి ఉన్నాయి. ఇంకేమీ లేదు.

"వడ్డించవేం చెంగమ్మా?"

"ఏం వడ్డించను దొరా? బత్తెం ఆగింది."

"విందు గది ఉందిగా!"

"విందన్న మాటే పోయిందిగా దొరా. తమరే కత్తి మీద చెయ్యి వేసి చెప్పారు."

సభాసదులు రాజు వైపు చూశారు. ఆయన తన ఖాళీ విస్తరి ముందు కూర్చుని తాపీగా మీసం సవరించుకుంటున్నాడు. ఎవరి కడుపులోనో గుర్రుమంది.

"అసలు ఏనుగుకు ఒక్క గంట చాలదూ?" అన్నాడు పింగళాక్షుడు.

"చాలు, చాలు," అన్నారు ఆరుగురూ.

విస్తళ్ల మీద చల్లిన నీళ్లు ఆరకముందే ఏడు తాళాలూ తెరుచుకున్నాయి. చెంగమ్మ ముందు భటుల పొయ్యి వెలిగించింది. మొదటి ముద్ద ఓబులేసుకు పెట్టి వచ్చాకే సభాసదులకు వడ్డించింది. ఆలస్యమేమని ఒక్కరూ అడగలేదు.

నీతి: పక్కవాడి పొయ్యి ఆర్పగల అధికారం ఉన్నవాడి పొయ్యి కూడా దాంతోపాటే ఆరాలి, అప్పుడే తగవు త్వరగా తెములుతుంది.