ఓబులమ్మ చేట

అనగనగా అనే మాట కూడా పుట్టకముందెప్పుడో, మందారగిరి అనే పట్నంలో ఓబులమ్మ అనే మంత్రసాని ఉండేది. ఆ ఊళ్లో రాజుగారి బిడ్డయినా, కూలివాడి బిడ్డయినా మొదట కళ్లు తెరిచింది ఆమె చేతుల్లోనే.

ఆమె ఇంటి అరుగు మీద ఒక వెదురు చేట ఉండేది. ఎవరింట్లో నొప్పులు మొదలైతే వాళ్లొచ్చి ఆ చేట తీసుకుని నడవాలి. వెనకే ఓబులమ్మ నడుస్తుంది. పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది అందులోనే. చేటను ఎవరు ముందు తీస్తే ముందు వాళ్లింటికే. అదొక్కటే పద్ధతి. పురిటి స్నానం అయ్యాక బాలింత తన చేత్తో ఆ చేటలో ఏదో ఒకటి పెట్టి పంపేది. దోసెడు బియ్యమో, ఓ సొరకాయో. ఓబులమ్మకు ఏదైనా ఒకటే.

ఒకనాడు భద్రయ్యశెట్టి వచ్చాడు. కోడలికి ఇంకా నెల ఉంది. అయినా చేటలో తళతళలాడే బంగారు గాజు పెట్టాడు.

“ఇది మా కృతజ్ఞత ఓబులమ్మా. మా కోడల్ని కాస్త ముందుగా చూసుకో.”

“బిడ్డ ఇంకా పుట్టనే లేదు, కృతజ్ఞత అప్పుడే పుట్టేసిందా శెట్టిగారూ?” అని నవ్వింది ఓబులమ్మ. నవ్విందే గానీ, పెద్దమనిషి నొచ్చుకుంటాడని గాజు తిరిగి ఇవ్వలేదు.

శెట్టి గాజు పెట్టాడని తెలిశాక సేనాపతి భార్య ఊరుకుంటుందా? కూతురి పేరున పట్టుచీర పంపింది. చీర సంగతి తెలిశాక మంత్రిగారి చెల్లెలు ఊరుకుంటుందా? వెండి పళ్లెం పంపింది. అందరి మాటా ఒకటే: “ఏదో కృతజ్ఞత! కాస్త ముందు మా వైపు చూడు.”

ఊరంతా, చేటలోని ఆ కానుకలు చూస్తూ, ఆ అరుగు ముందు నుంచే నడుస్తుంది. ఎవరూ దండోరా వెయ్యలేదు. అయినా, వట్టి చేతులతో ఆ చేట ముట్టుకోకూడదన్న మాట ఇల్లిల్లూ తిరిగింది. ఓబులమ్మ చెవికి తప్ప అందరి చెవులకూ చేరింది.

ఒక మధ్యాహ్నం ఆమె మేదర వీధిలో పోతోంది. రోజూ వెదురు చీల్చే చప్పుడు వినిపించే నాంచారి గుడిసెలోంచి మూలుగు వినిపించింది. గబగబా లోపలికి వెళ్లింది. చాప మీద నాంచారి ఒక్కతే, అరుపు బయటికి రాకుండా నోట్లో కొంగు కుక్కుకుని ఉంది. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది.

ఓబులమ్మ తనకు చేతనైనదంతా చేసింది. పొద్దు వాలేవేళకు బిడ్డ బయటపడింది. ఒళ్లంతా నీలం. వీపు రుద్దింది. నోట్లో ఊదింది. తిట్టింది, బతిమాలింది. చివరికి బిడ్డ కేర్‌మంది.

అప్పుడు అడిగింది. “నన్నెందుకు పిలవలేదే? నీ మొగుడేడీ?”

“సంతకు పోయాడు పెద్దమ్మా. బుట్టలమ్మి, నీ చేటలో పెట్టడానికి ఏదన్నా తెస్తానని. వట్టి చేతులతో పిలిస్తే రావంట గదా.”

“ఆ చేట అల్లిందెవరే?”

“నేనే పెద్దమ్మా.”

ఓబులమ్మ ఒళ్లు భగ్గుమంది. పక్కింటి ముసలమ్మను బాలింత దగ్గర కూర్చోబెట్టి, ఇంటికెళ్లి చేటను ఎత్తుకుంది. పట్టుచీర సేనాపతి గుమ్మంలో పడేసింది. వెండి పళ్లెం మంత్రిగారి చెల్లెలి గుమ్మంలో ఖంగుమనిపించింది. సరాసరి శెట్టి దుకాణం ఎక్కి, నలుగురూ చూస్తుండగా గాజు ఆయన ముందు పెట్టింది.

“ఇదేం మర్యాద? కానుక ఇవ్వడం కూడా తప్పేనా?” అన్నాడు శెట్టి.

“ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చిన వేళ తప్పు, అడిగిన మాట తప్పు! మీ గాజు మెరుపు చూసి ఒక తల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ బిడ్డ పోయుంటే ఎవరు తెచ్చిచ్చేవాళ్లు? మీరా? నేనా? ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. అందులో నా తప్పూ ఉంది. నాది నేను దిద్దుకుంటున్నా. మీది మీరు పుచ్చుకోండి.”

“అంటే మా కోడలికి నొప్పులొస్తే రావన్నమాట!”

“ఎందుకు రాను? చేట తీసుకుని నడవండి, వస్తాను. వట్టి చేతులతో రండి, అందరిలాగే!”

ఆ రోజు రానే వచ్చింది. శెట్టి పరుగెత్తుకొచ్చేసరికి అరుగు ఖాళీ. చేటను అప్పటికే కుమ్మరి ముసలమ్మ తీసుకెళ్లింది. శెట్టి రొప్పుతూ వెళ్లి కుమ్మరి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల కుమ్మరి కోడలు మూలుగుతోంది. తన ఇంట్లో తన కోడలూ అలాగే మూలుగుతోంది. ‘ముందు మాకు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆ మాట ఎంత చేదో ఆయనకు అప్పుడు తెలిసింది.

బిడ్డ ఏడుపు వినిపించింది. ఓబులమ్మ బయటికొచ్చి, చేతులు కడుక్కుని, చేట అందించింది. శెట్టి దాన్ని నెత్తిన పెట్టుకుని బజారు వెంట పరుగు తీశాడు. తల్లీ బిడ్డా క్షేమం.

పురిటి స్నానం నాడు శెట్టి కోడలు పెరటి గదిలో, ఎవరూ చూడని చోట, చేటలో ఆ గాజే పెట్టింది. ఆ చేట కొత్తది. పురుడు తీరి లేవగానే నాంచారి అల్లి తెచ్చిన కానుక.

ఓబులమ్మ ఈసారి గాజు తీసుకుంది. బయటికొచ్చి, ఈసారి వేళాకోళం లేకుండా, గుమ్మంలో ఉన్న శెట్టితో అంది.

“ఇప్పుడు పుట్టింది శెట్టిగారూ, మీ కృతజ్ఞత.”

కాబట్టి పిల్లలూ, పని అయ్యాక మనసారా ఇచ్చేదే కానుక. వరుస దాటడానికి ముందే ఇచ్చేది, బంగారమైనా సరే, వెనక నిలబడ్డ పేదవాడి గొంతు నొక్కే చెయ్యి.