ఎర్తులెక్కువైన ఎర్ర బండి

ఆటోనగర్‌లో బాజీ ఉస్తాద్ దగ్గర కార్ల వైరింగ్ నేర్చుకుంటున్న ఏసుపాదానికి ఆ ఎర్ర బండి మూడు చెరువుల నీళ్లు తాగించింది.

బండి పాతది. ఇంజను మాత్రం కొత్త పెళ్లికూతురు. కార్బురేటర్ పీకేసి, బయట కొన్న కంప్యూటర్ ఒకటి బిగించి, పెట్రోలు ఎంత పొయ్యాలో, నిప్పు ఎప్పుడు వెయ్యాలో అంతా దానికే అప్పజెప్పారు. బండి యజమానురాలు ఇందుమతి ఆదివారం దాన్ని కొండ ఎక్కే పందెంలో నడపాలి. వైరింగ్ మొత్తం, షెడ్డులో అందరూ పాదం అని పిలిచే ఏసుపాదం ఒక్కడే చేశాడు.

"ఈ బండి సరిగ్గా పరిగెత్తిందా, పక్క షెడ్డు నీది. లేదా, మళ్లీ నా పక్కన కూర్చుని నట్లు ఏరుకో," అని ఉస్తాద్ ముందే చెప్పాడు.

అందుకని పాదం చేసింది వైరింగ్ కాదు, తపస్సు. ఇక్కడికి రాకముందు అతను ఇళ్లకి కరెంటు పని చేసేవాడు. ఫ్రిజ్ కానీ, గీజర్ కానీ, నీళ్ల మోటారు కానీ, ఇనుము కనబడితే చాలు, పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గొయ్యికి ఓ తీగ లాగేయడం చేతికి అలవాటు. ఎర్తులు ఎన్ని ఉంటే ఇల్లు అంత చల్లగా ఉంటుందని అతని నమ్మకం. బండికీ అదే పట్టించాడు, గొయ్యికి బదులు బండి ఇనప ఒంటికే తీగలు లాగాడు. సెన్సర్‌కి ఎర్తు, బ్రాకెట్‌కి ఎర్తు, ఆ ఎర్తుకి తోడు ఇంకో ఎర్తు. బానెట్ ఎత్తితే ఇంజను కనబడేది కాదు, అమ్మవారి జడ కనబడేది. గొయ్యి తవ్వడానికి చోటు లేక ఊరుకున్నాడు గానీ, లేకపోతే డిక్కీలో బస్తాడు ఉప్పు పోసేవాడే.

బండి స్టార్టయింది. నిలబడి ఉన్నంతసేపూ పిల్లికూనలా గురగుర. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం ఎక్కిళ్లు! ఆర్పీఎం ముల్లు పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. సైలెన్సర్ పేలిన పేలుడికి రెండు వీధుల అవతల టీ కొట్లో గ్లాసులు బీటలు వారాయి. పక్షులు గుంటూరు దాకా ఎగిరిపోయాయి.

పాదం చెయ్యని ప్రయత్నం లేదు. చివరికి ఉస్తాద్ ముందు నిలబడ్డాడు.

"సెన్సర్ మార్చాను ఉస్తాద్. కాయిళ్లు మార్చాను. ఎర్తు ఇవ్వని చోటు లేదు. ఎక్కణ్ణుంచి వస్తోందీ గోల?"

బాజీ ఉస్తాద్ చెవి మామూలు చెవి కాదు. బందరులో బండి దగ్గితే బెజవాడలో మందు చెప్పే చెవి. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి బానెట్‌లోకి తొంగిచూశాడు.

"ఇన్ని ఎర్తులు ఎందుకిచ్చావురా?"

"ఉంటే మంచిదే కదా ఉస్తాద్!"

ఉస్తాద్ లోపలికి నడిచాడు. అలమరలోంచి అరచేతిలో పట్టే పాత రేడియో తీసి, బూజు దులిపి, పాదం చేతికిచ్చాడు.

"పాట పెట్టమంటారా?"

"ముల్లు ఏ స్టేషనూ రాని చోట ఉంచు. ఇంజను తిరుగుతుండగా వైర్ల వెంట పట్టుకుపో. కరెంటు గోల ఉన్నచోట అది వాగుతుంది, ఎక్కడో విను. ఫ్యాన్‌లో మాత్రం చెయ్యి పెట్టకు, ఆ చేతితో నాకింకా పనుంది."

పాదం ముందు కాయిళ్ల దగ్గర పట్టాడు. రేడియోలో మరిగే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. నిప్పు వేసేవి అవే కాబట్టి అది న్యాయమే అనుకున్నాడు. పక్కకి జరిపితే గోల తగ్గింది. బ్యాటరీ దగ్గర దాదాపు లేదు. అతనికి తమాషాగా అనిపించింది. ఇన్నాళ్లూ కంటికి కనబడని దాన్ని ఇవాళ చెవితో చూస్తున్నాడు.

అలా వెళ్లి వెళ్లి క్రాంక్ సెన్సర్ తీగ దగ్గరికొచ్చాడు. ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పే తీగ అది. దానికి బయటి గోల సోకకూడదని పైన రాగితీగల జాలీ తొడిగి, ఆ జాలీకి ఇంజను వైపూ ఎర్తు ఇచ్చాడు, కంప్యూటర్ వైపూ ఇచ్చాడు. అతను చేసిన పనంతటిలో అతనికి ముద్దొచ్చేది అదే.

రేడియో గుండెలు బాదుకుంది.

"ఉస్తాద్! గోల రాకూడదనే కదా జాలీ వేశాను? గోల జాలీలోనే నడుస్తోందేంటి!"

"నడవడానికి ఏం కావాలి బేటా?"

"దారి."

"మరి ఈ దారి ఎవరేశారు?"

పాదం ఆ కొస చూశాడు. ఈ కొస చూశాడు. రెండూ తను బిగించినవే, పళ్లు కొరికి మరీ బిగించాడు.

ఉస్తాద్ కటింగ్ ప్లయర్ తీసి ఇంజను వైపు ఎర్తును టప్పున కోసేశాడు.

"అయ్యో ఉస్తాద్!" కన్నబిడ్డ జుట్టు కత్తిరించినట్టు కేకేశాడు పాదం.

"వెళ్లి తొక్కు."

తొక్కాడు. ముల్లు బడి ప్రార్థనలో పిల్లాడిలా బుద్ధిగా పైకి లేచింది. ఎక్కిలి లేదు, దగ్గు లేదు. దిగొచ్చి జాలీ మీద రేడియో పెట్టాడు. మౌనవ్రతం. నమ్మలేక, కోసిన కొసని వేలితో బోల్టుకి ఆనించాడు. గోల. వదిలాడు. నిశ్శబ్దం. మళ్లీ ఆనించాడు, మళ్లీ వదిలాడు. అతను ఆ ఆట ఆడుతుంటే ఉస్తాద్ టీ చల్లారి, మీగడ కట్టి, పెరుగయ్యేలా ఉంది.

ఆఖరికి ఆ కొసకి టేపు చుట్టి, కళ్లు మెరిపిస్తూ ప్లయర్ అందుకున్నాడు.

"అయితే అన్నీ కోసెయ్యనా ఉస్తాద్?"

బ్యాటరీ నుంచి ఇంజనుకి వెళ్లే లావుపాటి ఎర్తు పట్టీ మీద ఉస్తాద్ అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది కోశావంటే బండి నా మాటా వినదు, నీ మాటా వినదు."

ప్లయర్ లాక్కుని జేబులో వేసుకున్నాడు. రేడియో మాత్రం అతని చేతిలోనే వదిలేశాడు.

పాదం ఒక్కో ఎర్తు దగ్గరా ఆగాడు. విన్నాడు, విప్పాడు, మళ్లీ విన్నాడు. కొన్ని ఉంచాడు, కొన్ని తీసేశాడు. సాయంత్రానికి జడ కాస్తా ముడైంది.

ఇందుమతి వచ్చి ఆటోనగర్ చుట్టూ గాలిని చీల్చుకుంటూ తిరిగొచ్చింది. కిందికి దిగకుండానే అడిగింది.

"ఏం కొత్త పార్టు వేశారండీ?"

"ఏమీ వెయ్యలేదు మేడమ్. నేను వేసిందే తీశాం."

ఆవిడ నవ్వి, బండి దిగి, కాఫీ తాగొస్తానని వెళ్లింది. ఉస్తాద్ బానెట్ మీదికి వంగి, ఒక మూల బ్రాకెట్ దగ్గర మిగిలిన సన్నటి తీగను చిటికెన వేలితో చూపించాడు.

"ఇదెందుకు ఉంచావు?"

"ఉంటే మంచిదే క..."

పాదం నోరు దానంతటదే మూతపడింది. ఇంజను స్టార్ట్ చేసి, రేడియో తీసుకుని, ఆ తీగ మీదికి వంగాడు.

కాసేపటికి అతని వెనక, ఉస్తాద్ ఇస్తానన్న పక్క షెడ్డు షట్టరు పైకి లేచింది. తుప్పు పట్టిన ఆ రేకు చేసిన చప్పుడుకి కృష్ణలో చేపలు ఒడ్డుకొచ్చాయి, ఆటోనగర్ ఆటోనగరంతా తల తిప్పి చూసింది.

పాదం తిప్పలేదు. రేడియోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.