మాసికలరాజు బొంత

అనగనగా ఒక రాజు. రాజన్నాక రాణి ఉండాలిగా, ఉంది. రాణి అన్నాక పిల్లలుండాలిగా, ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయపాలుడు, రెండోవాడు విజయపాలుడు, ఇద్దరూ రోజుకో పట్టు అంగీ వేసేవాళ్లు. మూడోవాడి పేరు శశాంకుడు. కానీ ఆ పేరు పురోహితుడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అంగీ చిరిగితే పారేయకుండా తనే సూది తీసి మాసిక వేసుకునేవాడని ఊరంతా వాణ్ణి మాసికలరాజు అనేది. నవ్వుకోండి, నవ్వుకోండి. వాడూ నవ్వేవాడు.

ఆ సూదిపని నేర్పింది తల్లే. రాణి అయ్యుండీ ఆవిడ పాతచీర పారేసేది కాదు. మూడోవాడు కడుపులో ఉన్నప్పుడు ఏడు పాతచీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టింది. పుట్టిన బిడ్డను కొత్తగుడ్డలో చుట్టరు కదా! మెత్తబడిన పాతగుడ్డలోనే చుడతారు. ఆ బొంతలో ఒకచోట కుట్టు వంకరపోయింది. పడుకునేముందు మాసికలరాజు ఆ వంకర మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అనేవాడు. "నువ్వు కడుపులో తన్నావురా దొంగా, సూది పక్కకు పోయింది" అనేది ఆవిడ. పదహారేళ్లొచ్చినా వాడు అడగడం మానలేదు, ఆవిడ చెప్పడం మానలేదు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలినుంచి ఒక మాంత్రికుడు దిగబడ్డాడు. పేరు తళుకుమల్లుడు. కొలువులో నిలబడి ఒకసారి చెయ్యి ఊపితే బంగారు పళ్లేలు, ఇంకోసారి ఊపితే జరీ దుప్పట్లు.

"కొత్తది మీకు, పాతది నాకు" అన్నాడు.

"అంతేనా?" అన్నాడు రాజు.

"అంతే."

రాజు ఉబ్బితబ్బిబ్బై, ఏ ఇంట్లోనూ పాత వస్తువు ఉండకూడదని దండోరా వేయించాడు. జనం ఎగబడ్డారు. తాతలనాటి రోలు ఇచ్చినవాడికి మర్నాడు తాత గుర్తులేడు. పెళ్లినాటి చీర ఇచ్చినామె మొగుణ్ణి చూసి "ఎవరయ్యా నువ్వు, ఇంట్లోకి దూరావ్?" అని చీపురు తీసింది. అదీ వాడి మాయ! వస్తువుతోపాటు దాని జ్ఞాపకం కూడా వాడి మూటలోకి పోతుంది. రాజు కేకలు పడలేక రాణి బొంత ఇచ్చేసింది. మూట నిండగానే మాంత్రికుడు సముద్రాల అవతలి తన కోటకు చెక్కేశాడు. ఆ పూట ఏటినుంచి వచ్చి మాసికలరాజు "అమ్మా, ఆకలి" అంటే, ఆవిడ వాడి ముఖంలోకి చూసి, "ఎవరు బాబూ నువ్వు? ఏ ఊరు?" అంది.

ఏడ్చాడా? ఏడ్చాడు, ఎందుకేడవడు! ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "నా బొంత నేను తెచ్చుకుంటా" అన్నాడు.

"నీవల్ల ఏమవుతుందిరా, మేం తెస్తాం" అని పెద్దవాడు సైన్యంతో వెళ్లాడు, రాలేదు. రెండోవాడు బంగారంతో వెళ్లాడు, రాలేదు. అప్పుడు మాసికలరాజు సూదీ దారం, ఒక చద్దిమూట తీసుకుని బయల్దేరాడు.

"ఒక పాతగుడ్డ కోసం సముద్రాలు దాటతావా? సిగ్గులేదూ!" అన్నాడు రాజు.

"లేదు నాన్నగారూ. ఇచ్చేయమన్నది మీరు. తెచ్చేది నేను."

రేవులో ఒక పిల్ల గోనెసంచులూ, పాతచీరలూ కలిపి తెరచాప కుడుతోంది. పేరు పగడాలు, పడవ నడిపేవాళ్ల పిల్ల. "మా రేవంతా ఆ మాంత్రికుడి పట్టు తెరచాపలు తీసుకున్నారు. మూడో సముద్రం గాలికి పేలికలయ్యాయి. నా పాతది నేనివ్వనన్నా. నన్ను పిచ్చిదన్నారు" అంది.

"నన్నూ అన్నారు."

"అయితే ఎక్కు. ఊరికే కూర్చోకు, సూది తియ్యి."

ఒక సముద్రం దాటారు, తెరచాప చిరిగింది, కుట్టారు. రెండో సముద్రం దాటారు, చిరిగింది, కుట్టారు. ఇలా ఏడూ దాటేసరికి ఆ తెరచాపలో మొదటి గుడ్డకంటే మాసికలే ఎక్కువయ్యాయి. అయినా గాలి పట్టింది.

తళుకుమల్లుడి కోటలో అన్నలిద్దరూ కొత్త పట్టుబట్టలు కట్టి వాడికి వింజామరలు వీస్తున్నారు. తాతనాటి కత్తులు వాడికిచ్చి, ఎందుకొచ్చారో మరిచిపోయారు పాపం.

"నా బొంత నాకివ్వు" అన్నాడు మాసికలరాజు.

"వెయ్యి పట్టు దుప్పట్లిస్తా, పో."

"వద్దు. నా బొంత నాకివ్వు."

మాంత్రికుడికి ఒళ్లు మండింది. "మూడు పనులు చెయ్యి. ఓడితే నీ సూది కూడా నాదే" అన్నాడు. మొదటిది, వంటింట్లో పారేసిన వాటితో విందు పెట్టాలి.

మాసికలరాజు చెత్తగంప బోర్లించాడు. బీరతొక్కు కడిగి, పచ్చిమిరపకాయలతో వేయించి, నువ్వులూ చింతపండూ వేసి రోట్లో నూరాడు. పుచ్చకాయ తొక్కలో తెల్లటి భాగం తరిగి కూర వండాడు, గింజలు దోరగా వేయించాడు. వార్చిన గంజిలో ఉప్పూ మజ్జిగా కలిపాడు. తళుకుమల్లుడు అంతా తిని వేళ్లు కూడా నాకాడు. అందరూ చూస్తున్నారని తెలిసి, "ఏదో, వాసన చూశానంతే" అన్నాడు.

రెండోది, చిల్లుల బుట్టనిండా ఆవాలు పోసి ఒక్క గింజ రాలకుండా తేవాలి. కోటలో ఎవరో చించి పారేసిన కాగితాలు పగడాలు ఏరి నానబెట్టింది. మాసికలరాజు నానిన మెంతులు రుబ్బాడు. రెండూ కలిపి గుజ్జు చేసి, బుట్టకు లోపలా బయటా మెత్తి ఎండబెట్టారు. ఒక్క ఆవగింజ రాలితే ఒట్టు!

"నా బొంత నాకివ్వు."

"పాతబట్టల కొండలో ఉంది. పొద్దు గూకేలోగా వెతుక్కో, అదే మూడోది" అని మాంత్రికుడు లోపలికి పోయాడు.

ఆ కొండ ఆకాశాన్నంటుతోంది. దాని పక్కనే బంగారు పంజరంలో ఒక చిలుక. "విరిచెయ్, నా మెడ విరిచెయ్" అంది అది విసుగ్గా. "వాడి ప్రాణం నాలో ఉందని ఎవడో పుకారు పుట్టించాడు. వచ్చిన ప్రతివాడూ నా మెడ మీదికే వస్తాడు."

"నీ మెడ నాకెందుకు? గింజలు తింటావా?" అని వేయించిన పుచ్చగింజలు పంజరంలోకి వేస్తూ మాసికలరాజు ఆగాడు. చిలుక కాళ్లకింద నలిగి, చిరిగి, పాత గుడ్డ ఒకటి ఉంది.

"ఇంత బంగారంలో ఈ చిరుగేంటి?"

"మార్చనివ్వడు మరి. రోజూ వచ్చి చూసుకుని పోతాడు."

చిరుగు కనిపిస్తే మాసికలరాజు చెయ్యి ఆగుతుందా! గుడ్డ బయటికి లాగి సూది గుచ్చాడు. కోటలోంచి "అమ్మా!" అని కేక. మళ్లీ గుచ్చాడు. "అమ్మోయ్!" అంటూ తళుకుమల్లుడు పరుగెత్తుకొచ్చాడు. మాసికలరాజు గుడ్డను తడిమి చూశాడు. ఉతికి ఉతికి మెత్తబడింది, మూరెడు కూడా లేదు. పసిబిడ్డను చుట్టే పొత్తిగుడ్డ.

"కొత్తదే గొప్పదని ఊళ్లూళ్లూ దోచావే, నువ్వు పుట్టినప్పుడు నిన్ను చుట్టింది ఇందులోనా?"

మాంత్రికుడు రెండు చేతులూ జోడించాడు. "చింపకు నాయనా, నా ప్రాణం అందులోనే దాచుకున్నా!"

"చింపెయ్!" అని అరిచింది పగడాలు.

"చింపడం మా ఇంటా వంటా లేదు" అని మాసికలరాజు ఆ గుడ్డను తన అంగీ మోచేతికి మాసికగా వేసి, ముడి బిగించాడు. "నేనెక్కడుంటే నీ ప్రాణం అక్కడ. ఎవరిది వాళ్లింటికి నువ్వే మోసి ఇవ్వాలి. ఆఖరి వస్తువు చేరాకే కుట్టు విప్పుతా. కాదంటావా, ముళ్లకంపల మీద మోచేతులాన్చి కూర్చుంటా!"

ఏమంటాడు? మోశాడు. రోళ్లు మోశాడు, చీరలు మోశాడు, గుమ్మం గుమ్మం ఎక్కాడు. అన్నల చేతికి కత్తులు రాగానే వాళ్లకు ఇల్లు గుర్తొచ్చి సిగ్గుతో తలొంచుకున్నారు. బొంతను మాత్రం మాసికలరాజే వేలితో తడిమి తడిమి కొండలోంచి తీసుకున్నాడు. దాన్ని వాడు ఎవరికీ ఇవ్వలేదు. తనే తెచ్చి తల్లి ఒళ్లో పరిచాడు.

"బాగుంది బాబూ, ఎవరు కుట్టారు?" అంది ఆవిడ. ఆవిడ చెయ్యి కుట్టు వెంట పోతూ పోతూ ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది, మళ్లీ ఆగింది. అంతే, వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "తన్నావురా దొంగా! నన్ను తన్నింది నువ్వేరా!" అని గట్టిగా కావలించుకుంది.

మాటిచ్చినట్టే మాసికలరాజు పొత్తిగుడ్డ విప్పి, చిరుగులన్నీ కుట్టి ఇచ్చాడు. తళుకుమల్లుడు దాన్ని గుండెకు హత్తుకుని పోయినవాడు మళ్లీ ఏ ఊళ్లోనూ కనిపించలేదు. మాసికలరాజుకీ పగడాలుకీ పెళ్లయింది. పందిరి దేంతో వేశారనుకున్నారు? ఏడు సముద్రాలు దాటిన తెరచాపతో! రాజు పట్టుబట్టలు తెప్పిస్తే ఇద్దరూ అక్కర్లేదన్నారు. వాళ్లు చాలాకాలం రాజ్యమేలారు, సింహాసనం మీది పరుపు చిరిగిన ప్రతిసారీ వాళ్లే కుట్టుకున్నారు.

వాళ్లకు పుట్టిన కూతుర్నీ ఆ బొంతలోనే చుట్టారు. దానికి మాటలొచ్చాక ఒకరోజు ముసలిరాజు ఒళ్లో కూర్చుని, వంకర కుట్టు మీద వేలు పెట్టి "ఇదేంటి తాతా?" అంది. పాతగుడ్డ పారెయ్యమన్న ఆ రాజే కళ్లొత్తుకుని, "మీ నాన్న తన్నాడే తల్లీ, సూది పక్కకు పోయింది" అని చెప్పాడు.